మా పాప నాలుక మీద పటం

మా చిన్నదాని నాలుక ఫోటోలు నా ఫోన్లో 63 ఉన్నాయి. మొదటిది తీసి మూడేళ్లు దాటింది, ఆఖరిది నిన్న పొద్దున్న తీసింది. దాదాపు అన్నీ మా వంటింటి కిటికీ దగ్గరే, వెలుతురు బాగా పడే చోట, పళ్లు తోమకముందు తీసినవి. ఒకదాంట్లో ఎర్రటి మచ్చ నాలుక కొస దగ్గర ఉంటే, నాలుగు రోజుల తర్వాత తీసినదాంట్లో అదే మచ్చ కుడి పక్కకి జరిగి ఉంటుంది, ఇంకో వారానికి అసలేమీ ఉండదు, నాలుక మామూలుగా గులాబీ రంగులో ఉంటుంది. దీన్ని జియోగ్రాఫిక్ టంగ్ అంటారు. తెలుగులో అందరూ వాడే పేరేదీ నేను వినలేదు, మా ఇంట్లో మాత్రం పటం నాలుక అంటాం, ఆ పేరు పాపే పెట్టుకుంది. ప్రమాదం లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, మందు అక్కర్లేదు. ఈ మూడు ముక్కలు తెలియడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో పిల్లని మేం పెట్టిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది. ఇంకో ఇంట్లో ఇంకో పిల్లకి అలా జరగకూడదని రాస్తున్నాను.

దానికప్పుడు నాలుగేళ్లు. మాది గుంటూరు, మిర్చి సీజనొస్తే యార్డు వైపు వెళ్తే చాలు కళ్లు మండే ఊరు, పిల్లలకి కూడా కారం త్వరగానే అలవాటవుతుంది. ఒక రాత్రి టమాటా పచ్చడి, నెయ్యి కలిపి ముద్దలు పెడుతున్నాను. రెండో ముద్దకే "మంట" అని ఉమ్మేసింది. అంతకు ముందు వారం అదే పచ్చడి ఇష్టంగా తిన్న పిల్ల. మారాం చేస్తోందనుకుని కసిరాను. ఏడుస్తూ నోరు తెరిచినప్పుడు ట్యూబ్ లైటు వెలుగులో కనబడింది, నాలుక మీద పావలా బిళ్లంత ఎర్రటి మచ్చ. నున్నగా ఉంది, అక్కడ చర్మం లేచిపోయిందా అన్నట్టు. దాని చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా తెల్లటి అంచు, ఎవరో బియ్యప్పిండితో ముగ్గు గీత లాగినట్టు, వంకరటింకరగా. ఫోటో తీసి మా అక్కకి వాట్సాప్‌లో పంపాను. అదే మొదటి ఫోటో.

"వేడి చేసిందమ్మాయ్" అన్నారు మా అత్తయ్య. మన ఇళ్లల్లో నోట్లో ఏమొచ్చినా ముందు అనుకునేది అదే కదా. సబ్జా గింజలు నానబెట్టి పట్టాం, బార్లీ నీళ్లు పట్టాం, రాత్రి పడుకునేముందు నాలుకకి నెయ్యి రాశాం. పక్కింటి పిన్నిగారు తేనెలో పసుపు కలిపి రాయమన్నారు, అదీ రాశాం. మెడికల్ షాపులో ఫోటో చూపిస్తే నోటి పూతే అని బీ కాంప్లెక్స్ సిరప్, ఒక జెల్ ఇచ్చారు. ఐదారు రోజులకి మచ్చ పోయింది. హమ్మయ్య అనుకున్నాం. పది రోజులు తిరక్కుండా నాలుక రెండో వైపు ఇంకోటి వచ్చింది, ఈసారి పొడవుగా, కొడవలి ఆకారంలో. ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ఫంగస్ అన్నారు, చుక్కల మందు రాశారు. పది రోజులు రోజుకి నాలుగు సార్లు వేశాం. పోయింది. మళ్లీ వచ్చింది.

ఇక్కడే మేం ఏడాదిన్నర తిరిగాం. దానంతటదే వచ్చి దానంతటదే పోయే వాటితో ఇదే చిక్కు, ఏం చేసినా పని చేసినట్టే ఉంటుంది. సబ్జా పెట్టిన వారం తగ్గితే సబ్జా గొప్పదంటాం, చుక్కలు వేసిన వారం తగ్గితే చుక్కలు గొప్పవంటాం. మళ్లీ వస్తే మందు ఆపినందుకు వచ్చిందనుకుంటాం, లేదా పిల్లకి ఏదో తినకూడనిది పెట్టామనుకుంటాం, ఆ పెట్టింది ఎవరా అని ఇంట్లో చిన్న గొడవ. ఫోటోలన్నీ వరసగా పెట్టి చూసే వరకు నాకు ఇది తట్టలేదు. మందు వేసిన నెలకీ వేయని నెలకీ ఏ తేడా లేదు.

ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి చెప్తాను. దాన్ని ఎల్‌కేజీలో వేసిన ఏడాది, డైరీలో టీచర్ ఒక లైను రాసి పంపారు, పాప నాలుక శుభ్రంగా ఉంచండి అని. పక్కన కూర్చునే పిల్లలు ఛీ అన్నారట, దాని బాటిల్లో నీళ్లు తాగొద్దని ఒక పిల్లకి వాళ్లమ్మ చెప్పిందట. నాకు అవమానంగా అనిపించింది. మర్నాడు పొద్దున్న దాన్ని వాష్ బేసిన్ దగ్గర నిలబెట్టి స్టీలు టంగ్ క్లీనర్‌తో ఆ తెల్ల అంచు పోయే దాకా గీకాను. అది పోలేదు. ఇంకా గట్టిగా గీకాను. క్లీనర్ మీద ఒక ఎర్రటి చుక్క కనబడ్డాక ఆపాను. పిల్ల ఏడవలేదు, నోరు గట్టిగా మూసుకుంది. ఆ రోజంతా పాలు తప్ప ఏమీ తినలేదు. ఆ తర్వాత చాలా నెలలు ఎవరైనా "ఏదీ, నోరు తెరువు" అంటే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకునేది. బంధువుల పెళ్లిలో ఎవరో పెద్దావిడ నలుగురి ముందు "ఏదమ్మా నాలుక చూపించు, ఏంటో మచ్చలంటగా" అంటే నా చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుని పంక్తి లేచే దాకా బయటికి రాలేదు.

అది మురికి కాదు. గీకితే పోయేది కాదు. గీకితే ఉన్నది ఇంకాస్త రేగుతుంది.

ఈ మాట నాకు చెప్పింది ఒక పళ్ల డాక్టరు గారు. నిజానికి పుచ్చిపోయిన దవడ పన్ను చూపించడానికి వెళ్లాం. ఆవిడ పన్ను చూస్తూ నాలుక కూడా చూసి ఒక్క క్షణం ఆగారు, పొడి గాజుగుడ్డ వేలికి చుట్టుకుని మెల్లగా ఆ తెల్ల అంచుని తుడిచారు. రాలేదు. ఫంగస్ తెల్లగా పేరుకుంటే తుడిస్తే ఊడి వస్తుందట, ఇది రాదు. "ఈ మచ్చ పోయిన వారం ఎక్కడుందమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఫోన్ తీసి అప్పటికి ఉన్న ఫోటోలు చూపించాను, ఆవిడ వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ నవ్వారు. మోచేతుల మీద, తలలో పొలుసులు లేచే మచ్చలేమైనా ఉన్నాయా అని అడిగారు, సొరియాసిస్ ఉన్నవాళ్లలో ఇది కాస్త ఎక్కువగా కనబడుతుందని. లేవు. తర్వాత నన్ను కూడా నాలుక చాపమన్నారు. నా నాలుక మధ్యలో నిలువుగా ఒక పగులు, దాని నుంచి పక్కలకి చిన్న చిన్న పగుళ్లు ఉంటాయి, చిన్నప్పటి నుంచీ అంతే, ఎప్పుడూ పట్టించుకోలేదు. పగుళ్ల నాలుక, పటం నాలుక రెండూ ఒకే మనిషిలోనో ఒకే ఇంట్లోనో కలిసి కనబడటం మామూలేనట. మందు రాయలేదు. నేను రెండుసార్లు అడిగాను, ఏదైనా సిరప్ అయినా రాయండి అని. "అవసరం లేదమ్మా, మంటగా ఉన్న రోజుల్లో కారం, పులుపు తగ్గించండి చాలు" అన్నారు. బయటికి వచ్చాక మా ఆయనతో, ఈవిడకి సరిగ్గా తెలిసినట్టు లేదు, ఇంకొకరికి చూపిద్దాం అన్నాను. చీటీ మీద మందు లేకపోతే జబ్బుని చూడనట్టే అనిపించే అలవాటు మనకి ఎంత గట్టిగా ఉందో నాకు ఆ రోజు తెలిసింది. రెండో డాక్టరు గారు కూడా అదే పేరు చెప్పారు, ఈసారి అర నిమిషంలో.

అసలు నాలుక మీద ఏం జరుగుతోందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. నాలుక పైభాగం మఖమల్ గుడ్డ లాంటిది. సన్నటి నూగు ఉంటుంది, కంటికి విడివిడిగా కనబడనంత చిన్న పోగులు, వాటిని ఫిలిఫామ్ పాపిల్లే అంటారు. పిల్లి నాకితే గరగరలాడేది వీటి వల్లే, పిల్లికి అవి ముళ్లలా గట్టిగా ఉంటాయి, మనకి మెత్తగా. నాలుక అద్దంలో లేత గులాబీగా, కాస్త తెల్లగా కనబడేది ఈ నూగు వల్లే. పటం నాలుకలో ఒక చోట ఈ పోగులు రాలిపోతాయి. అక్కడ కింద ఉన్న ఎరుపు బయటపడుతుంది, కప్పు పల్చబడింది కాబట్టి కారం, పులుపు తగిలితే చురుక్కుమంటుంది. చుట్టూ ఉన్న తెల్ల అంచు ఆ మార్పు ఇంకా నడుస్తున్న చోటు. ఒక పక్క పోగులు మళ్లీ మొలుస్తుంటే ఇంకో పక్క రాలుతుంటాయి, అందుకే మచ్చ నడుస్తున్నట్టు ఉంటుంది. ఎర్రటి మచ్చలో దగ్గరగా చూస్తే ఇంకా ఎర్రటి చుక్కలు కొన్ని కనబడతాయి, అవి ఫంగిఫామ్ పాపిల్లే అనేవి, పుట్టగొడుగు ఆకారంలో ఉంటాయి, రుచి తెలిపే మొగ్గలు వాటిలో ఉంటాయి, రాలిన నూగులో ఉండవు. అందుకే పాపకి ఉప్పు తగ్గినా, పప్పులో చింతపండు ఎక్కువైనా ఠక్కున తెలిసిపోతుంది, మచ్చ ఉన్న రోజైనా లేని రోజైనా.

డాక్టర్లు వాడే పెద్ద పేరు బినైన్ మైగ్రేటరీ గ్లాసైటిస్. అందులో బినైన్ అంటే హాని లేనిది, మైగ్రేటరీ అంటే వలస తిరిగేది, గ్లాసైటిస్ అంటే నాలుక వాపు. మొదట దీన్ని గుర్తించి రాసింది రేయర్ అనే ఫ్రెంచి వైద్యుడు, 1831లో, ఆయన కూడా నాలుక మీద తిరిగే దద్దురు అన్న అర్థంలోనే పేరు పెట్టాడు. 100 మందిలో 1 నుంచి 3 మందికి ఉంటుందంటారు. అంటే ఒక్కో బడిలో కొంతమంది పిల్లలకి ఉన్నట్టే లెక్క. చాలామందికి మంట ఉండదు కాబట్టి వాళ్లకి తెలియను కూడా తెలియదు. ఎందుకొస్తుందన్నది వైద్యంలో ఇంకా తేలలేదు, కుటుంబాల్లో నడుస్తుందని మాత్రం చూశారు. వేడి చేయడం వల్ల కాదు, కడుపులో నులిపురుగుల వల్ల కాదు, తల్లి శుభ్రం చేయకపోవడం వల్ల అసలే కాదు.

నరం లేని నాలుక అంటాం మనం, ఎటైనా తిరుగుతుందని. ఆ మాట మాట తప్పే మనుషుల గురించి కానీ, నాలుకకి ఎంత తెలుస్తుందో ఆ గీకిన రోజు పిల్ల కళ్లల్లో చూశాను.

మేం మార్చినవి తక్కువే. స్టీలు టంగ్ క్లీనర్ దానికి పూర్తిగా మానేశాం, మెత్తటి బ్రష్‌తోనే నాలుక మీద ఒకసారి అలా రాసి వదిలేస్తుంది. టూత్‌పేస్ట్ మార్చాం. ఇది మాకు బాగా పనిచేసింది. పుదీనా ఘాటు లేనిది, వెనక రాసే పదార్థాల్లో సోడియం లారిల్ సల్ఫేట్ లేనిది వెతికి తెచ్చాం, నురగ తక్కువ వస్తుంది, మొదట్లో తోమినట్టే లేదని గునిసింది కానీ పొద్దున్నే వచ్చే మంట పోయింది. తిండి సంగతికొస్తే మొదట్లో అతి జాగ్రత్తకి పోయి కారం, పులుపు, టమాటా, అనాసపండు అన్నీ మాన్పించేశాను. పిల్ల బిక్కమొహం వేసుకుని పప్పన్నం, పెరుగన్నం తింటూ మా కంచాల వైపు చూసేది. ఆ ఫోటోల పక్కన ఏం తిన్నదో రాయడం మొదలెట్టాక తెలిసింది, మచ్చ లేని రోజుల్లో ఆవకాయ కూడా దానికేం కాదు. మచ్చ కొసన ఉంటే టమాటా పచ్చడి, చింతకాయ పచ్చడి, మసాలా చిప్స్ పడవు. గోంగూర అస్సలు పడదు. మచ్చ బాగా పక్కకి ఉంటే నెయ్యి ఎక్కువ వేసి కలిపితే సరిపోతుంది. మంట పుట్టినప్పుడు నీళ్ల కంటే చల్లటి మజ్జిగ నయం, కారం ఘాటు పాల పదార్థాలకి లొంగుతుంది, నీళ్లకి లొంగదు. ఇవి మా పిల్ల లెక్కలు, ఇంకొకరి పిల్లకి వేరేగా ఉండొచ్చు, రాసుకుంటే తెలుస్తుంది. పెద్దవాళ్లలో కొందరికి మంట మరీ ఎక్కువైతే డాక్టర్లు పైపూత మందులు ఇస్తారట, మాకు ఆ అవసరం రాలేదు.

నాలుక గురించి అడిగి తెలుసుకుంటూ పోతే అనవసరంగా భయపడేవి ఇంకా చాలా ఉన్నాయని తెలిసింది. మా మామయ్యగారికి జ్వరం తగ్గడానికి వారం పైగా యాంటీబయాటిక్స్ వాడాక నాలుక వెనక భాగం నల్లగా, వెంట్రుకలు మొలిచినట్టు అయింది. ఆయనకి రోజుకి ఐదారు టీలు. క్యాన్సరేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదాయన. అదీ ఆ నూగే, ఈసారి రాలకుండా పొడవు పెరిగిపోయి టీ రంగు పట్టింది. మామూలుగా ఒక మిల్లీమీటరు ఉండేవి అలాంటప్పుడు దానికి పది రెట్లకి పైగా కూడా పెరుగుతాయట. బ్రష్‌తో మెల్లగా తోముకుంటూ టీ తగ్గించేసరికి కొన్ని వారాల్లో పోయింది. ఇంకొకటి, నాలుక బాగా చాపి అద్దంలో చూసుకుంటే బాగా వెనక పెద్ద పెద్ద గుండ్రటి బుడిపెలు వరసగా కనబడి చాలామంది గాబరా పడతారు. 8 నుంచి 12 దాకా ఉంటాయి, అందరికీ ఉంటాయి, పుట్టుకతో వచ్చినవే. నాలుక మీద నల్లమచ్చ ఉంటే అన్న మాట జరుగుతుందని మన ఊళ్లల్లో ఒక నమ్మకం ఉంది కదా, మా చిన్నప్పుడు మా క్లాసులో ఒక అమ్మాయికి అలా ఉండేది, పాపం ఆ పిల్లతో పోట్లాడటానికి అందరికీ భయం. దానికి ఎలా ఉండేదో అని ఈ మధ్యే మొదటిసారి ఆలోచించాను.

అయితే నోట్లో వచ్చిందల్లా వదిలేయమని నేను చెప్పడం లేదు, ఇది దయచేసి జాగ్రత్తగా చదవండి. పటం నాలుక గుర్తు అది తిరగడం. ఒకే చోట కదలకుండా రెండు వారాలు దాటినా మానని పుండు, చేత్తో నొక్కితే గట్టిగా తగిలే గడ్డ, పోకుండా ఉండిపోయిన తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, వీటిని వెంటనే చూపించాలి. గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ, చుట్ట అలవాటున్న వాళ్లయితే రెండు వారాలు కూడా ఆగొద్దు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఉంది, దానివల్ల అంగిట్లో క్యాన్సర్ రావడం గురించి మన ఆంధ్రా డాక్టర్లే చాలా ఏళ్ల కిందటే రాశారు. అలాంటి ఇంట్లో పెద్దవాళ్ల నోరు నెలకోసారి వెలుతుర్లో చూడండి. అలాగే నాలుక మొత్తం నున్నగా, ఎర్రగా, మెరిసిపోతూ ఉండి, నీరసం, అరికాళ్లల్లో తిమ్మిర్లు కూడా ఉంటే అది బీ12 తక్కువై కావచ్చు, ముఖ్యంగా మాంసం, గుడ్లు ముట్టని వాళ్లకి, పాలు పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునే వాళ్లకి. రక్తపరీక్షలో తెలుస్తుంది, దానికి మందు ఉంది.

బడికి వెళ్లి మాట్లాడాను. ఈసారి కోపంగా వెళ్లలేదు, ఫోటోలు తీసుకుని వెళ్లాను. కొత్త క్లాస్ టీచర్ ఓపిగ్గా అన్నీ చూసి, పాపని ఇబ్బంది పెట్టకుండా పిల్లలకి నేను చెప్తాను అన్నారు. ఏం చెప్పారో తెలియదు, ఒక వారం తర్వాత మా పాప ఇంటికొచ్చి "అమ్మా, నా నాలుక మీద ఇండియా మ్యాప్ ఎప్పుడొస్తుందని అందరూ అడుగుతున్నారు" అంది. నోటికి చేతులు అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం నాలుక చూపించమని నేను అడగను, ఎవరినీ అడగనివ్వను, అత్తయ్యే ముందు అడ్డుపడతారిప్పుడు.

దానికిప్పుడు ఏడేళ్లు. నిన్న పొద్దున్న కిటికీ దగ్గర నిలబడి, నేను ఫోన్ తీసేలోపే చిన్న అద్దం పట్టుకుని తనే చూసుకుంది. "ఈరోజు చిన్నదే అమ్మా, ఎడం పక్కనుంది. బాక్సులో ఆవకాయన్నం పెట్టు, కుడివైపు నముల్తాలే" అంది. నెయ్యి ఇంకో చెంచా వేసి కలిపాను. స్కూలు వ్యాను హారన్ కొట్టేసరికి అది కదిలింది, ఫోటో కాస్త చెదిరింది, అయినా అలాగే ఉంచాను.